ఆర్ఓటీసీలో ఉన్న అమ్మాయి ఆప్టోమెట్రీ చదువుతానంటోంది. ఆర్మీ సర్వీసు నాలుగేళ్ళు వాయిదా వేస్తుందా?

ఫ్రిస్కో అమ్మ | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మాయి టెక్సాస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ మూడో ఏడు చదువుతోంది. రెండో ఏడు మొదట్లో ఆర్మీ ఆర్ఓటీసీ (కాలేజీలో చదువుతూనే ఆఫీసరు ట్రైనింగ్) స్కాలర్‌షిప్ వచ్చింది, కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. ఫీజు బెడద తప్పిందని మేమూ సంతోషించాం. 2027లో డిగ్రీ అవుతుంది, సెకండ్ లెఫ్టినెంట్ అవుతుంది, నాలుగేళ్ళు పనిచేస్తుంది, ఆ తర్వాత తన ఇష్టం. లెక్క తేలిపోయింది అనుకున్నాం.

కిందటి వేసవిలో మా ఇంటి దగ్గర ఒక ఆప్టోమెట్రిస్ట్ (కంటి పరీక్షలు చేసే డాక్టరు) దగ్గరికి ఊరికే షాడోయింగ్‌కి, అంటే పక్కన ఉండి పని చూడ్డానికి, వెళ్ళింది. రెండు వారాలు అనుకున్నది రెండు నెలలు వెళ్ళింది. ఇప్పుడు ఆప్టోమెట్రీ స్కూలు తప్ప వేరే మాట లేదు. "ఎడ్యుకేషనల్ డిలే అని ఉందమ్మా, అడిగితే ఇస్తారు" అంటోంది. ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఇస్తే దాని వెనక తిరకాసు ఏమిటి, ఇవేవీ మాకు తెలియవు. మావారికి నిద్ర పట్టడం లేదు. తణుకులో ఉన్న మా అత్తగారైతే "ఇంత చదివి కళ్ళజోళ్ళు అమ్ముకుంటుందా" అని ఫోన్లో ఒకటే సాధింపు.

తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 11:05

ఇంత ఆలోచన ఎందుకండీ. స్కాలర్‌షిప్ వదిలేసి హాయిగా చదువుకోమనండి. పిల్ల చదువుతానంటే ఆర్మీ వాళ్ళు కాదంటారా ఏంటి.

మావ్నీ 2010 | శనివారం, రాత్రి 11:31

గోదారిగట్టు గారూ, అది జిమ్ మెంబర్‌షిప్ కాదు మానేయడానికి.

ఫ్రిస్కో అక్కా, ముందు ఒక సంగతి. రెండో ఏడు దాటాక స్కాలర్‌షిప్ క్యాడెట్ తనంతట తాను తప్పుకుంటే రెండే దారులు. ఇప్పటిదాకా కట్టిన ఫీజు డబ్బులు తిరిగి కట్టమంటారు, లేదా ఆఫీసరుగా కాకుండా మామూలు సోల్జరుగా డ్యూటీకి పిలుస్తారు. ఏది అన్నది వాళ్ళ ఇష్టం, మీది కాదు. కాబట్టి "వదిలేయడం" అనే మాట ఇంట్లో కూడా అనకండి.

నేను 2010లో మావ్నీ కింద, అంటే గ్రీన్‌కార్డు లేకపోయినా కావలసిన భాష వస్తే ఆర్మీలో తీసుకునే పథకంలో, హిందీ వచ్చని చేరినవాణ్ణి. ఆర్ఓటీసీ సంగతులు పైపైనే తెలుసు. ఈ వేదికలో ఐలేన్ 7 గారని ఒకావిడ ఉన్నారు, ఆర్మీలో ఆప్టోమెట్రిస్టుగా చేసొచ్చారు. ఆవిడ చూస్తే బాగుండు.

ఐలేన్ 7 | ఆదివారం, ఉదయం 7:18

చూశాను తమ్ముడూ, కాఫీ పెట్టుకుని కూర్చున్నా.

ఫ్రిస్కో అమ్మ గారూ, మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఎడ్ డిలే అనేది ఉంది. లాయరు, డాక్టరు, డెంటిస్టు చదువుల్లాగే ఆప్టోమెట్రీకి కూడా అడగొచ్చు. డిగ్రీ అవగానే కమిషన్ మామూలుగానే ఇస్తారు, భుజం మీద బంగారు రంగు బార్ పెడతారు. కానీ డ్యూటీకి పిలవకుండా రిజర్వు జాబితాలో పేరు రాసి పెట్టుకుంటారు. ఆ నాలుగేళ్ళూ జీతం ఉండదు, వారాంతం డ్రిల్లులూ ఉండవు. చదువయ్యాక పిలుస్తారు. అప్పుడు మెడికల్ సర్వీస్ కోర్‌లో 67ఎఫ్, అంటే ఆప్టోమెట్రీ ఆఫీసరు. ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) పట్టా ఉంటుంది కాబట్టి కెప్టెన్ హోదాతో మొదలవుతుంది.

అయితే "అడిగితే ఇస్తారు" అన్న మాట దగ్గర ఆగాలి. ఇది హక్కు కాదు. బోర్డు కూర్చుంటుంది, మార్కులు, పరీక్ష స్కోరు, బెటాలియన్‌లో, అంటే కాలేజీలోని ఆర్ఓటీసీ విభాగంలో, ఆమె మీద ఉన్న అభిప్రాయం అన్నీ చూస్తారు. నాలుగో ఏడు మొదట్లో క్యాడెట్లందరికీ బ్రాంచులు పంచుతారు కదా, ఆ తంతు కంటే ముందే డిలే కాగితాలు లోపల పడాలి. చాలామంది పిల్లలు సీటు వచ్చాక అడుగుదాంలే అనుకుంటారు. సీటు వచ్చేసరికి చేతిలో ఫిరంగి దళం ఆర్డరు ఉంటుంది.

ఇక అసలు ఇరుకు ఈ వేసవే. మూడో ఏడు అయిన వేసవిలో ఫోర్ట్ నాక్స్‌లో అడ్వాన్స్‌డ్ క్యాంప్, దాదాపు 35 రోజులు. కెంటకీ అడవుల్లో నడక, మ్యాపు పట్టుకుని దారి వెతకడం, దోమలు. ఫోను చేతికి రాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆప్టోమెట్రీ కాలేజీల దరఖాస్తుల పోర్టల్, ఆప్టమ్‌క్యాస్, తెరుస్తారు. దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చూసి సీట్లు నింపుకుంటూ పోతారు. అక్టోబరులో పంపినదాని గతి జులైలో పంపినదాని గతి ఒకటి కాదు.

అంచేత ఓఏటీ, అంటే ఆప్టోమెట్రీ ప్రవేశ పరీక్ష, క్యాంపుకి ముందే, మేలోనే రాసేయమనండి. అందులో ఫిజిక్స్ ఉంటుంది. బయాలజీ పిల్లలు దాన్ని చివరికి నెట్టి దెబ్బతింటారు, నేనూ తిన్నాను. మొదటిసారి నా ఫిజిక్స్ స్కోరు మా నాన్నగారికి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. సిఫారసు ఉత్తరాలు రాసేవాళ్ళని కూడా మే లోపే పట్టుకోవాలి. వ్యాసం రాసి పెట్టుకుంటే క్యాంపు నుంచి వచ్చిన రోజే నొక్కేయొచ్చు.

డబ్బు సంగతి తర్వాత రాస్తాను, పాప లేచింది.

ఫ్రిస్కో అమ్మ | ఆదివారం, ఉదయం 9:50

మీకు ఎన్ని దండాలు పెట్టాలో తెలియడం లేదు. క్యాంపు సంగతి తెలుసు కానీ దరఖాస్తులూ అప్పుడేనని మాకెవరికీ తట్టలేదు. అమ్మాయి పరీక్ష ఆగస్టుకి పెట్టుకుంది!

కాకి లెక్కలు | ఆదివారం, మధ్యాహ్నం 1:12

డబ్బు అన్నారు కాబట్టి నేనొస్తున్నా.

డిలే అంటే వాయిదా, అంతే. ఫీజు ఎవరూ కట్టరు. ఆర్ఓటీసీ స్కాలర్‌షిప్ డిగ్రీతో సరి. ప్రైవేటు ఆప్టోమెట్రీ కాలేజీలో ఫీజే ఏడాదికి 40 వేల డాలర్ల పైమాట, ఇంటద్దె, తిండి వేరే. టెక్సాస్ వాళ్ళు కాబట్టి యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో వస్తే చాలా నయం.

ఇంకోటి, మీ అమ్మాయి 2027లో చేరుతుంది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. ఇంతకుముందు కాలేజీ ఎంత ఖర్చు చెబితే అంతా ఫెడరల్ అప్పుగా దొరికేది. ఇప్పుడు ఆప్టోమెట్రీ లాంటి ప్రొఫెషనల్ చదువులకి ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు, అంతే పరిమితి. ఖరీదైన కాలేజీ, ఖరీదైన ఊరు అయితే మిగతాది ప్రైవేటు బ్యాంకు దగ్గర తేవాలి, మీరు కోసైన్ (హామీ సంతకం) చేయాలి.

కాస్త ఊరట ఏమిటంటే, డ్యూటీలో చేరకముందు తీసుకున్న అప్పుల మీద, డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ వడ్డీ 6 శాతం దాటకూడదని ఎస్‌సీఆర్ఏ అనే సైనికుల రక్షణ చట్టం ఉంది. 2025-26లో గ్రాడ్యుయేట్ ఫెడరల్ లోన్ రేటు 7.94 శాతం. 2 లక్షల అప్పు మీద ఆ తేడా ఏడాదికి 3,880 డాలర్లు. ప్రైవేటు బ్యాంకు లోనుకి మనమే ఆర్డర్లు జతచేసి ఉత్తరం రాయాలి, వాళ్ళంతట వాళ్ళు తగ్గించరు. ఆర్మీ ప్రభుత్వ ఉద్యోగమే కాబట్టి అక్కడ కట్టిన నెలసరి వాయిదాలు పీఎస్ఎల్ఎఫ్ (ప్రభుత్వ సేవ చేసేవాళ్ళకి ఫెడరల్ చదువు అప్పు మాఫీ) పథకానికి అవసరమైన 120లో లెక్కకొస్తాయి. నాలుగేళ్ళంటే 48. మిగతా 72 ఎక్కడ కడుతుందో ఆలోచించుకోవాలి.

ఐలేన్ 7 | ఆదివారం, రాత్రి 9:36

కాకి లెక్కలు గారు నా పని సగం చేసేశారు.

మిగతా సగం హెచ్‌పీఎస్‌పీ. హెల్త్ ప్రొఫెషన్స్ స్కాలర్‌షిప్. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ ఇస్తాయి, ఆప్టోమెట్రీకి సీట్లు మాత్రం కొన్నే. ఫీజు మొత్తం, పుస్తకాలు, పరికరాలు వాళ్ళవే. నెలకి 2 వేల డాలర్లు దాటిన స్టైపెండ్. ఏడాదిలో 45 రోజులు యాక్టివ్ డ్యూటీ జీతం. వినడానికి కొబ్బరినీళ్ళలా ఉంటుంది. నేను దాంట్లోనే చదివాను, మూడేళ్ళది. ఒక్క డాలరు అప్పు లేకుండా బయటికొచ్చాను.

కానీ నేను ఆర్ఓటీసీ దాన్ని కాదు. మీ అమ్మాయి విషయంలో రెండు బాకీలు. ఆర్ఓటీసీ బాకీ నాలుగేళ్ళు. హెచ్‌పీఎస్‌పీ నాలుగేళ్ళు తీసుకుంటే ఇంకో నాలుగేళ్ళు. ఈ రెండూ కలిపి ఒకేసారి తీరవు, ఒకటి అయ్యాక ఒకటి తీర్చాలి. నాలుగూ నాలుగూ ఎనిమిది. 2031లో ఓడీ అయితే 2039 దాకా యూనిఫాం. డిలే ఒక్కటే తీసుకుని అప్పు చేసి చదివితే 2035కి ఆమె చేతిలో ఆమె ఉంటుంది, అప్పుతో సహా.

రిక్రూటరు ఈ ఎనిమిది అంకె అబద్ధం చెప్పి దాచడు, అడగకపోతే చెప్పడు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు ఐదో ఏడు కేక్ కోస్తూ ఇంకా మూడేళ్ళు ఉందని తెలిసి కూర్చుండిపోయాడు. ఆ కేకు నేనే తెచ్చాను. కాబట్టి ఏ సంతకానికి ఎన్నేళ్ళో, ఆ కాగితంలోనే అంకెల్లో చూపించమనండి. ఆప్టోమెట్రిస్టుగానే తీసుకుంటామని ఎక్కడ రాశారో కూడా చూపించమనండి. లైసెన్సు పరీక్షలు గట్టెక్కకపోతే బాకీ మాఫీ కాదు, ఇంకో పనిలో తీర్చుకుంటారు.

హెచ్‌పీఎస్‌పీకి దరఖాస్తు బెటాలియన్ వాళ్ళు చేయరు, మెడికల్ రిక్రూటర్లు వేరే ఉంటారు. బెటాలియన్‌కి తెలియకుండా మాత్రం వెళ్ళొద్దు, అది అసహ్యంగా ఉంటుంది.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 10:20

34 ఏళ్ళ దాకా ఆర్మీలో ఉంటే పెళ్ళెప్పుడండీ మరి?

మావ్నీ 2010 | ఆదివారం, రాత్రి 10:24

ఆర్మీలో పెళ్ళిళ్ళు చేసుకోనిస్తారు సార్. నా పెళ్ళికి మా సార్జంట్ పంచె కట్టుకుని వచ్చాడు, జారిపోకుండా యూనిఫాం బెల్టు పెట్టుకున్నాడు.

కొలంబస్ నాన్న | సోమవారం, ఉదయం 8:02

ఇదే తీరులో నాదొక ప్రశ్న. మా వాడు హైస్కూలు అవుతూనే ఆర్మీలో చేరతానని సంతకం పెట్టాడు, ఆగస్టులో ట్రైనింగుకి వెళ్ళాలి. ఇప్పుడు ప్రీ-ఆప్టోమెట్రీలో చేరతా అంటున్నాడు. వీడికి ఈ డిలే వర్తిస్తుందా? రిక్రూటరు "సంతకం పెట్టాక వెనక్కి లేదు, జైలే" అన్నాడట.

మావ్నీ 2010 | సోమవారం, ఉదయం 8:40

అన్నా, అది వేరే కాగితం. మీ వాడు ఉన్నది డెప్, డిలేయ్డ్ ఎంట్రీ ప్రోగ్రాం. ఇంకా ట్రైనింగుకి బయల్దేరలేదు కదా? అయితే చదువుకోవాలనుకుంటున్నాను, నన్ను విడుదల చేయండి అని రిక్రూటింగ్ కమాండ్‌కి ఒక ఉత్తరం రాస్తే చాలు. జైలూ లేదు, జరిమానా లేదు. జైలు మాట అన్నవాడిది ఆ నెల టార్గెట్ నిండలేదని అర్థం. షిప్పింగ్ తేదీ, అంటే ట్రైనింగుకి పంపే తేదీ, దాటి అక్కడ ప్రమాణం చేశాక మాత్రం కథ మారిపోతుంది.

కానీ ఒక్కమాట. వెళ్ళడం కూడా చెడ్డ లెక్కేం కాదు. 36 నెలలు డ్యూటీ చేస్తే జీఐ బిల్, అంటే మాజీ సైనికులకిచ్చే చదువు సాయం, నూటికి నూరు శాతం. స్టేట్ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ ఫీజు మొత్తం, పైన ఇంటద్దెకి డబ్బు, 36 నెలల పాటు. నేను అలాగే చదువుకున్నా. తరగతిలో అందరికంటే ముసలాణ్ణి, అప్పు లేనివాణ్ణీ నేనే. ఫ్రిస్కో అక్క వాళ్ళ అమ్మాయికి ఈ మాట వర్తించదు, ఆర్ఓటీసీ స్కాలర్‌షిప్ బాకీ తీర్చే ఏళ్ళు జీఐ బిల్ లెక్కలోకి రావు.

సిక్కోలు కుర్రాడు | సోమవారం, సాయంత్రం 6:15 (భారత సమయం)

అన్నలూ, అక్కలూ, నాది శ్రీకాకుళం. అగ్నివీర్ సెలక్షన్‌లో ఉన్నాను. ఇటు హైదరాబాద్‌లో బీ.ఆప్టమ్ సీటు కూడా వచ్చేలా ఉంది. మన దగ్గర కూడా ఇలా చదువయ్యాక చేరతానని వాయిదా అడగొచ్చా?

హవల్దార్ బాబాయ్ | సోమవారం, రాత్రి 8:50 (భారత సమయం)

అబ్బాయ్, మాది మిలటరీ మాధవరం. మా ఊళ్ళో ఇంటికొకడు సైన్యంలో పనిచేసినవాడే, ఈ ప్రశ్న మా రచ్చబండ దగ్గర వారానికోసారి వస్తుంది.

వాయిదా లేదు. పిలిచిన తేదీకి వెళ్ళాలి, లేకపోతే నీ చోటు వెనకవాడిది. ఇక్కడ ఆలోచించాల్సింది వయసు. 2022లో పథకం తెచ్చినప్పుడు పదిహేడున్నర నుంచి 21 అన్నారు, ఆ మొదటి ఏడు మాత్రం 23 దాకా సడలించారు. ఈసారి నోటిఫికేషన్లో ఎంత ఉందో నువ్వే చూసుకో. బీ.ఆప్టమ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. అది ముగించుకుని వచ్చేసరికి నీ వయసు గేటు దాటిపోయే ప్రమాదం ఉంది.

అదే ముందు అగ్నివీర్‌కి వెళ్తే నాలుగేళ్ళు, నూటికి పాతికమంది దాకానే ఉంచుకుంటారు. మిగతావాళ్ళకి సేవానిధి 11.71 లక్షలు చేతికిచ్చి పంపుతారు. ఆ డబ్బుతో ఆప్టమ్ చదువుకోవచ్చు, నాన్న చెయ్యి చూడక్కర్లేదు. నేనైతే అలా చేస్తా. కానీ నీ కళ్ళల్లో ఏ కల ఉందో నాకేం తెలుసు. ఒకటి మాత్రం చెప్తా, సీటుకి కట్టిన డబ్బు వెనక్కొస్తుందో లేదో కనుక్కోకుండా రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు. మా అన్నగారి మనవడు అలాగే రెండూ పోగొట్టుకుని ఇప్పుడు భీమవరంలో చేపల చెరువు చూసుకుంటున్నాడు. బాగానే ఉన్నాడులే, అది వేరే సంగతి.

సిక్కోలు కుర్రాడు | సోమవారం, రాత్రి 9:04 (భారత సమయం)

అర్థమైంది బాబాయ్. థాంక్యూ.

ఫ్రిస్కో అమ్మ | మంగళవారం, రాత్రి 9:15

మావారు ఈ చర్చ మొత్తం ప్రింటు తీసి ఎరుపు పెన్నుతో గీతలు గీస్తున్నారు. ఎనిమిదేళ్ళ మాట దగ్గర రెండు గీతలు.

ఐలేన్ గారూ, ఇంకొక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మా అత్తగారికి ఏం చెప్పాలి? ఆవిడ దృష్టిలో కంటి డాక్టరంటే శుక్లం ఆపరేషన్ చేసేవాడు, మిగతావాళ్ళు షాపులో అద్దాలు పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగేవాళ్ళు. నిజానికి నాకూ పెద్ద తేడా తెలియదు.

ఐలేన్ 7 | మంగళవారం, రాత్రి 11:58

అనుకోవడానికేముంది, మా పెద్దమ్మ ఇప్పటికీ నన్ను "అద్దాల డాక్టరు" అనే పిలుస్తుంది.

ఆపరేషన్లు చేసేవాళ్ళు ఆఫ్తాల్మాలజిస్టులు, వాళ్ళు ఎండీ చదివి ఆపైన రెసిడెన్సీ చేస్తారు. మేం డిగ్రీ తర్వాత నాలుగేళ్ళూ కంటి మీదే చదువుతాం. చూపు పరీక్ష, కంటి జబ్బులు కనిపెట్టడం, మందులివ్వడం, ఆపరేషన్ అవసరమైతే పంపడం మా పని. ఇది పుస్తకంలో మాట. అత్తగారికి ఇది కాకుండా ఇంకోటి చెప్పండి.

ఒకరోజు నా దగ్గరికి ఒక సార్జంట్ వచ్చాడు. వాహనం కింద బాంబు పేలి తలకి అదురు తగిలింది, అప్పటికి ఎనిమిది నెలలు. చూపు 20/20, అంటే లోపం లేదు. స్కాను బాగుంది. కానీ చదవలేడు. రెండో వరస చదువుతుంటే మూడో వరస మీదికి జారిపోతాడు, తలనొప్పి, వాంతి. ఇద్దరు ముగ్గురు చూసి నటిస్తున్నాడనే అనుకున్నారు. నేను చేసింది ఏమీ లేదు. పెన్ను పట్టుకుని దాని మొనని చూస్తూ ఉండమని చెప్పి మెల్లగా అతని ముక్కు దగ్గరికి తెచ్చాను. మామూలు కళ్ళు రెండూ దగ్గరికొస్తూ వస్తూ ముక్కుకి దాదాపు ఆనేదాకా మొనని వదలవు. ఇతనికి జానెడు దూరంలోనే కుడికన్ను వదిలేసి బయటికి జారిపోయింది. మళ్ళీ తెచ్చా, మళ్ళీ జారింది. "ఇప్పుడు రెండు పెన్నులు కనిపిస్తున్నాయా?" అన్నా. అతను తల ఊపలేదు, నోరు మూసుకుని ఏడ్చాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి అతని మాట ఎవరో పెన్నుతో రుజువు చేశారు.

తర్వాత కంటి వ్యాయామాలు, ప్రిజం అద్దాలు. నాలుగు నెలలకి కూతురికి కథల పుస్తకం చదివి వినిపించానని వచ్చి చెప్పాడు. ఒక పుస్తకం పూర్తిగా కాదు, తొమ్మిది పేజీలు. లెక్కపెట్టుకున్నాడు.

అద్దాలు కూడా అమ్ముతాం లెండి, అందులో తప్పేముంది.

మావ్నీ 2010 | బుధవారం, ఉదయం 6:30

పొద్దున్నే ఇది చదివాను, ఆఫీసుకి ఆలస్యం.

అద్దాల మాట వచ్చింది కాబట్టి: ఫోర్ట్ జాక్సన్‌లో నాకిచ్చిన ఎస్-9 కళ్ళజోడు ఇంకా అటకమీద ఉంది. మట్టి రంగు ప్లాస్టిక్, లావుపాటి కాడలు. దాన్ని పెట్టుకుంటే ఏ ఆడపిల్లా చూడదని దానికి బర్త్ కంట్రోల్ గ్లాసెస్ అని పేరు. 2012 తర్వాత ఫ్రేమ్ మార్చారు, ఇప్పటి పిల్లలకి ఆ భాగ్యం లేదు. ఫ్రిస్కో అక్కా, మీ అమ్మాయి 67ఎఫ్ అయ్యాక దాన్ని ఆమెకి మ్యూజియం కోసం ఇచ్చేస్తా.

కాకి లెక్కలు | బుధవారం, మధ్యాహ్నం 12:10

ఎస్-9 వల్ల పెళ్ళి ఆలస్యమైందని గోదారిగట్టు గారికి ముందే చెప్పి ఉండాల్సింది.

ఫ్రిస్కో అమ్మ | తర్వాతి సోమవారం, రాత్రి 10:05

ఏమైందో చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

అమ్మాయి బెటాలియన్‌లో కాగితాలు చూసే ఆయన దగ్గరికి వెళ్ళింది. డిలే ప్యాకెట్ ఎప్పటిలోగా ఇవ్వాలో తేదీ రాసిచ్చారు. ఆప్టోమెట్రీకి అడిగినవాళ్ళు ఆయన హయాంలో ఎవరూ లేరట, లా స్కూలుకి మాత్రం ఇద్దరు వెళ్ళారట. "నువ్వు మొదటిదానివి, కాబట్టి నేనూ నేర్చుకుంటా" అన్నారట. అదొక ధైర్యం.

పరీక్ష ఆగస్టు నుంచి మే చివరి వారానికి మార్చుకుంది. ఫిజిక్స్ కోసం మావారు తన ఇంటర్మీడియెట్ జ్ఞానం బయటికి తీశారు, ఇద్దరికీ మొన్న రాత్రి కటకం సూత్రం దగ్గర పెద్ద గొడవ. ప్లస్సు గుర్తా మైనస్సు గుర్తా అని. అమ్మాయిదే కరెక్టు.

హెచ్‌పీఎస్‌పీ వద్దంది. ఇప్పటికి వద్దంది. ఎనిమిది అంకె కాగితం మీద రాసి చూపించాం, చాలాసేపు దాన్నే చూసి, "అప్పైతే ఎంతో కొంత ముందే తీర్చొచ్చు నాన్నా, ఏళ్ళు ముందే తీర్చలేం కదా" అంది. హ్యూస్టన్‌లో వస్తే డిలే ఒక్కటే, రాకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. మావారు కోసైన్ అనే మాట వినగానే లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశారు.

ఐలేన్ గారూ, మీ సార్జంట్ కథ అత్తగారికి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆవిడకి కూడా ఈమధ్య భాగవతం చదువుతుంటే వరస తప్పిపోతోందని, మనవరాలు సెలవులకి వచ్చినప్పుడు పెన్ను పెట్టి చూస్తుందా అని అడిగారు. ఇంకా చదువులో చేరనే లేదు అత్తయ్యా అన్నాను. "అయితే ఏం, పెన్ను ఉంది కదా" అన్నారు.

ఐలేన్ 7 | తర్వాతి సోమవారం, రాత్రి 10:31

ఆ వయసులో అయితే ముందు శుక్లాలు చూపించండి, పెన్ను తర్వాత. ఈ వారంలోనే తీసుకెళ్ళమనండి, సెలవుల దాకా ఆగొద్దు.

ఫ్రిస్కో అమ్మ | తర్వాతి సోమవారం, రాత్రి 10:33

సరేనండీ, మరిదికి ఇప్పుడే మెసేజ్ పెడుతున్నా. ఇంతకీ డాలస్ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఓఏటీ ఫిజిక్స్ పుస్తకాలు ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాం. ఆవకాయ ఇస్తాను.